కొనేవాళ్ల చిరునామా ఎవరి చేతిలో ఉంది?
హంపీ బజారు నుంచి గూగుల్ దాకా మన చేనేత అమ్మకం కథ

మన ఇళ్లలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగితే మగ్గం గురించి గంటలకొద్దీ చెప్తారు. పడుగు ఎలా సాగదీయాలి, గంజి ఎంత పట్టించాలి, తెగిన పోగు ఎలా అతకాలి, అన్నీ నోటికి వచ్చేస్తాయి. "నువ్వు నేసిన చీర చివరికి ఎవరు కట్టుకున్నారు తాతా?" అని అడిగి చూడండి. "షావుకారికి ఇచ్చాం" అంటారు. లేకపోతే "సొసైటీకి వేశాం" అంటారు. అక్కడితో ఆ చీరకూ మన ఇంటికీ ఉన్న సంబంధం తెగిపోయినట్టే.

చేనేత చరిత్ర రాసేటప్పుడు నూలు ధర, మిల్లు పోటీ, కూలి రేటు గురించి చాలా రాస్తారు. అమ్మకం సంగతి మాత్రం ఒక మూలకు పెడతారు. నా మటుకు మన కష్టాల్లో సగం అక్కడే ఉన్నాయి. ఏ కాలం చూసినా, కొనేవాళ్లు ఎవరు, వాళ్లకు ఏం కావాలి, ఎప్పుడు కావాలి అన్నది ఎవరికి తెలుసో లాభం వాళ్లింటికే వెళ్లింది. మగ్గం మన చేతిలో, చిరునామా ఇంకొకరి చేతిలో. ఇప్పుడు ఇంటర్నెట్, గూగుల్, వాట్సాప్ అంటూ కొత్త పనిముట్లు వచ్చాయి. వీటితో ఆ చిరునామా మన చేతికి వస్తుందా, లేక కొత్త చేతుల్లోకి పోతుందా? దీనికి జవాబు కావాలంటే ముందు పాత కథ తెలియాలి.

బజారు నుంచి బయానాకు

మన యశ్వంతనగర్ ఉన్న సండూరు తాలూకాకు పొరుగునే హంపీ ఉంది. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరం వీధుల్లో అమ్మేవాటి గురించి రాస్తూ కెంపులు, వజ్రాలు, ముత్యాలతో పాటు బట్టలనూ చెప్పాడు. ఆ బజారు వీధుల రాతి మండపాలు ఈనాటికీ నిలబడి ఉన్నాయి. బజారైనా, వారం వారం జరిగే సంతయినా, అక్కడ అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా ఉంటారు. కొనే ఆమె అంచు పట్టుకుని చూస్తుంది, రంగు బాగోలేదంటుంది, వచ్చే వారం ఎరుపు తెమ్మంటుంది. అమ్మేవాడికి అంతకన్నా విలువైన సమాచారం ఇంకోటి లేదు.

ఆ ఎదురుబొదురు తరవాత తరవాత తగ్గిపోయింది. ఈస్టిండియా కంపెనీ ఆంధ్ర తీరంలో కోఠీలు పెట్టి, దళారుల ద్వారా నేతగాళ్లకు ముందుగా బయానా ఇచ్చి, ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత నాణ్యం అని చెప్పి బట్ట తీసుకునేది. బయానా తీసుకున్నవాడు ఇంకొకరికి అమ్మకూడదు. బట్ట ఓడెక్కి ఏ దేశం వెళ్తుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో నేసినవాడికి తెలిసే దారే లేదు.

1800లో నిజాం మన బళ్లారి ప్రాంతాన్ని కడప, కర్నూలు, అనంతపురం వైపు సీమలతో కలిపి కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్త మండలం అన్నారు. దానికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా 1807 దాకా ఉన్నది థామస్ మన్రో. ఆయన 1813లో లండన్‌లో కామన్స్ సభ ముందు సాక్ష్యం చెప్తూ, తాను ఒక భారతీయ శాలువాను ఏడేళ్లు వాడానని, అది ఇంకా కొత్తదానిలాగే ఉందని, యూరోపు శాలువా ఎవరైనా ఊరికే ఇచ్చినా వాడనని చెప్పాడు. మన సరుకు నాణ్యానికి కలెక్టరు దొర ఇచ్చిన సర్టిఫికెట్ అది. అయినా ఆ తరవాతి కాలంలో మిల్లు బట్ట వచ్చి మన బజార్లు నిండిపోయాయి. నాణ్యం ఒక్కటే ఉంటే చాలదని అప్పుడే తేలింది.

1866లో కత్తిరించిన మన గుడ్డముక్కలు

ఈ సంగతి మన పిల్లలందరికీ తెలియాలి. లండన్‌లోని ఇండియా మ్యూజియంలో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి ఉండేవాడు. 1866లో ఆయన భారతదేశపు బట్టల నమూనాలతో 18 సంపుటాలు తయారుచేశాడు. అందులో 700 నమూనాలు. బొమ్మలు కావు, చీరలు, ధోవతులు, తలపాగాలు, శాలువాల నుంచి కత్తిరించి అంటించిన నిజమైన గుడ్డముక్కలు. ఏ ఊరి బట్ట, పొడవెంత, వెడల్పెంత, బరువెంత అన్న వివరాలూ ఇచ్చారు. ఇలాంటివి మొత్తం 20 సెట్లు చేసి, 13 సెట్లు బ్రిటన్‌లోని పట్టణాలకు పంపారు. 7 సెట్లు మన దేశానికి వచ్చాయి.

ఎందుకంటారా? భారతదేశంలో ఆడవాళ్లు ఏం కడతారు, మగవాళ్లు ఏం చుడతారు, ఏ అంచు ఇష్టపడతారు అన్నది అక్కడి మిల్లు యజమానులు ఇంట్లో కూర్చుని తెలుసుకోవడానికి. సముద్రం దాటకుండానే మన కొనుగోలుదారుల మనసు వాళ్ల బల్ల మీదకి వచ్చేసింది. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అది మార్కెట్ డేటా. మన నేతగాళ్లు తరతరాలుగా సంపాదించిన జ్ఞానాన్ని పుస్తకంగా కట్టి పోటీదారుడి చేతిలో పెట్టారు.

మిల్లు మనల్ని గెలిచింది ఆవిరి యంత్రంతోనే అనుకుంటాం. అది నిజమే, కానీ సగం నిజం. రెండో సగం ఈ 18 సంపుటాల్లో ఉంది.

వీపీపీ, సొసైటీ, ఎంపోరియం

అదే రోజుల్లో తపాలా శాఖ ఒక కొత్త దారి తెరిచింది. 1877లో వీపీపీ వచ్చింది. పార్సెల్ ఇంటికి వచ్చాక పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు కట్టి విడిపించుకోవడం. 1880లో మనీఆర్డర్ వచ్చింది. ఇప్పుడు పిల్లలు క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది మన ముత్తాతల కాలం నాటి వీపీపీయే. పత్రికలో ప్రకటన వేయి, ఉత్తరం రాగానే సరుకు పంపు, డబ్బు తపాలాలో వస్తుంది. మందులవాళ్లు, పుస్తకాలవాళ్లు ఈ దారిని బాగా వాడుకున్నారు. ప్రకటన శక్తి ఎంతటిదో చెప్పడానికి తెలుగువాళ్లకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చాలు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, సభల్లో ఉచితంగా పంచి ఆ పేరును ఇంటింటికీ చేర్చారు. 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మగ్గం దగ్గర కూర్చున్న మనిషికి ప్రకటనకు డబ్బూ లేదు, ఉత్తరాలకు జవాబు రాసే తీరికా లేదు. వీపీపీ లాభం ఎక్కువగా దుకాణదారుడికే దక్కింది.

ఒంటరిగా చేయలేనిది కలిసి చేద్దామని సహకార సంఘాలు పుట్టాయి. 1935లో మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘం వచ్చింది. దాన్నే ఇప్పుడు కో-ఆప్టెక్స్ అంటున్నాం. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు నేతకారుల సహకార సంఘం పెట్టారు. ఎమ్మిగనూరు ఇప్పుడు ఆంధ్రలో ఉంది గానీ, అప్పట్లో ఆదోని తాలూకాతో పాటు బళ్లారి జిల్లాలోదే. కాబట్టి అది మన జిల్లా చరిత్ర కూడా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి, మనం మైసూరు వైపు వచ్చాం. చుట్టరికాలు అలాగే ఉన్నాయి, హద్దు గీత మాత్రం మధ్యలో పడింది. ఆ గీత ఈనాటి ఆన్‌లైన్ అమ్మకంలో కూడా మనకు అడ్డు తగులుతుంది. ఎలాగో ముందు చెప్తాను.

తరవాత ప్రభుత్వ సంస్థలు వచ్చాయి. కర్ణాటకలో 1975లో చేనేత అభివృద్ధి నిగమం వచ్చింది, దాని దుకాణాలే ప్రియదర్శిని. ఆంధ్రప్రదేశ్‌లో 1976లో ఆప్కో వచ్చింది. వీటివల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. షావుకారు దయ మీద బతకాల్సిన అవసరం చాలామందికి తగ్గింది. ఆ మేలు మరిచిపోకూడదు. ఒక లోటు మాత్రం అలాగే ఉండిపోయింది. షోరూంలో చీర కొన్న ఆవిడకు ఆప్కో పేరు తెలుస్తుంది, నేసినవాళ్ల పేరు తెలియదు. ఆవిడకు ఆ చీర ఎందుకు నచ్చిందో, వచ్చే ఏడు ఏం కావాలో మగ్గం దాకా చేరదు. చేరకపోతే మగ్గం మీద పాత డిజైనే నడుస్తుంది, గోడౌన్‌లో స్టాకు పేరుకుంటుంది, చివరికి రిబేటు పెట్టి వదిలించుకోవాలి. సొసైటీల్లో పనిచేసినవాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

తీగ మీద వచ్చిన సంత

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. మరుసటి ఏడే ఇండియామార్ట్ మొదలైంది. చిన్న తయారీదార్ల వివరాలు ఒకచోట పెట్టి, దేశవిదేశాల కొనుగోలుదారులు వెతుక్కునేలా చేయడం దాని పని. 1998లో అమెరికాలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు గూగుల్ పెట్టారు. 2000 అక్టోబరులో ఆ గూగుల్ ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టింది. మొదటి రోజు 350 మంది ప్రకటనదార్లతో ప్రారంభమైన పని అది. ఈరోజు లోకంలో చాలా వ్యాపారాలు దాని చుట్టూ తిరుగుతున్నాయి.

2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పుట్టింది. అది అమ్మిన మొట్టమొదటి పుస్తకం ఎక్కడికి వెళ్లిందో తెలుసా? మహబూబ్‌నగర్‌కు! అప్పటికి గద్వాల, నారాయణపేట రెండూ ఆ జిల్లాలోవే. అంటే ఆన్‌లైన్ దారి మన నేతవాళ్ల జిల్లాకు 2007లోనే వచ్చింది. పుస్తకం ఆ దారిలో లోపలికి వచ్చింది గానీ, గద్వాల చీర ఆ దారిలో బయటికి వెళ్లడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కొనడం నేర్పడానికి కంపెనీలు తొందరపడ్డాయి, మనకు అమ్మడం నేర్పడానికి ఎవరికీ తొందర లేదు.

ఆ తరవాత అన్నీ వరసగా వచ్చాయి. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. 2013లో అమెజాన్ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది. 2015లో బెంగళూరులో ఇద్దరు మహిళలు ఆ ఏడాది వందసార్లు చీర కట్టుకుందామని ఒప్పందం చేసుకుని, ప్రతి చీర కథా ఫోటోతో సహా ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెడితే వేలమంది కలిశారు. బీరువాలో పడి ఉన్న చేనేత చీరలు బయటికి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినోత్సవం చెన్నైలో జరిగింది. 2016లో జియో వచ్చి డేటా చవకైంది, యూపీఐ వచ్చి డబ్బు ఫోన్‌లోకి వచ్చింది. 2018లో వాట్సాప్ బిజినెస్, 2019లో దానిలోనే సరుకు బొమ్మలు, ధరలు పెట్టుకునే కేటలాగ్ వచ్చాయి. 2023లో కేంద్ర జౌళి శాఖ ఇండియాహ్యాండ్‌మేడ్ అనే పోర్టల్ తెరిచింది.

ఇలా 1995 నుంచి ముప్ఫై ఏళ్లలో సంత మళ్లీ తయారైంది. తేడా ఒకటే. ఈ సంతలో మనం కేక వేస్తే ఎవరికీ వినపడదు. వెతికే యంత్రానికి కనపడాలి.

వెతికే యంత్రం ఎలా వెతుకుతుంది?

గూగుల్ ఎవరో మనిషి కూర్చుని చూసే పని కాదు. ఒక ప్రోగ్రాము లోకంలోని వెబ్ పేజీలను ఒకదాని నుంచి ఇంకొకదానికి తిరుగుతూ చదువుతుంది. ఏ మాట ఏ పేజీలో ఉందో పెద్ద పట్టీ రాసుకుంటుంది. ఎవరైనా "కాటన్ చీర" అని కొట్టగానే ఆ పట్టీ తీసి చూస్తుంది. లక్షల పేజీల్లో ఆ మాట ఉంటే ముందు ఏది చూపించాలి? అందుకు పేజ్, బ్రిన్ కనిపెట్టిన ఉపాయం చాలా సాదా. ఒక పేజీని నలుగురు మెచ్చి తమ పేజీలో దాని లింకు ఇచ్చారంటే అది నమ్మదగినది. మెచ్చినవాళ్లు పేరున్నవాళ్లయితే ఇంకా నమ్మదగినది. మన ఊళ్లో సంబంధం చూసేటప్పుడు మనం చేసేది ఇదే కదా, నలుగురినీ విచారిస్తాం, పెద్దమనిషి మాటకు ఎక్కువ విలువ ఇస్తాం. ఇప్పుడు దానికి ఎన్నో లెక్కలు తోడయ్యాయి గానీ మూలం అదే.

ఈ పద్ధతి తెలిస్తే మన పొరపాట్లు కనపడతాయి. చీర ఫోటో పెట్టి కింద "సూపర్ కలెక్షన్, ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తాం. ఇందులో యంత్రం పట్టుకోవడానికి ఒక్క మాట కూడా లేదు. ఏ ఊరు, ఏ నూలు, ఎన్నో నంబరు కౌంటు, అంచు పట్టా జరీయా, పొడవు ఎన్ని మీటర్లు, జాకెట్ ముక్క ఉందా, ఎలా ఉతకాలి, నేయడానికి ఎన్ని రోజులు పట్టింది, ధర ఎంత? ఇవన్నీ రాస్తే అవే మాటలతో వెతికేవాళ్లు మన దగ్గరికి వస్తారు. "హ్యాండ్లూమ్ సారీ" అన్న మాట కోసం పెద్ద దుకాణాలన్నీ పోటీ పడుతున్నాయి. ఊరి పేరు, నేత పేరు కలిపిన చిన్న మాటల దగ్గర రద్దీ తక్కువ. వెతికేవాళ్లు కొద్దిమందే అయినా కొనే ఉద్దేశంతో వెతికేవాళ్లు.

స్పెల్లింగు ఇంకో తంటా. మంగళగిరిని చాలా దుకాణాలు ఇంగ్లీషులో ఒక అక్షరం మింగేసి మంగళ్‌గిరి అని రాస్తాయి. మన జిల్లా పేరే 2014 నవంబరు 1న బెల్లారీ నుంచి బళ్లారి అయింది. పాత పేరుతో వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి రెండూ రాయాలి. తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో మూడింటిలోనూ రాయాలి. హద్దు ఊళ్లవాళ్లకు మూడు భాషలూ వస్తాయి. ఇన్నాళ్లూ దాన్ని గొప్పగా అనుకోలేదు. ఈ సంతలో అది ఆస్తి.

పేరు పోతే చీర పోయినట్టే

ఊరి పేరు మీద వెతుకుతారు సరే, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చా? పోచంపల్లివాళ్లకు ఎదురైన కష్టం ఇదే. అక్కడ పోగు పోగునూ ముందే కట్టి, రంగు వేసి, లెక్క తప్పకుండా నేస్తారు. అదే డిజైను మిల్లు బట్ట మీద అచ్చువేసి అదే పేరుతో అమ్ముతుంటే ఎవరేం చేయగలరు? భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది. పోచంపల్లి ఇకత్‌కు 2005లో ఆ గుర్తింపు దొరికింది. తరవాత ఉప్పాడ, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, నారాయణపేట, ధర్మవరం, మన పక్కనే ఇళకల్, మొళకాల్మూరు అన్నీ ఆ వరసలోకి వచ్చాయి.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఊరికి జీఐ వస్తే సరిపోదు. ప్రతి నేతకారుడూ ఆ పేరు వాడుకునే అధికృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. 2020లో ఆ దరఖాస్తు రుసుము 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. టీ తాగే డబ్బుతో వచ్చే ఆ కాగితం మన పేజీలో పెట్టుకుంటే, అచ్చు చీర అమ్మేవాడికీ మనకూ తేడా కొనేవాళ్లకు కళ్లకు కడుతుంది.

సండూరు లంబాణీ అక్కచెల్లెళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది

దూరం వెళ్లక్కర్లేదు, ఉదాహరణ మన తాలూకాలోనే ఉంది. సండూరు అంటే బయటివాళ్లకు గనులు, ఎర్రమట్టి, లారీలు. అలాంటి ఊరి పేరును లంబాణీ ఆడవాళ్లు సూది దారంతో లోకం ముందు పెట్టారు. 2010లో "సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ"కి జీఐ వచ్చింది. పేరులోనే ఊరు ఉంది చూడండి. 2023 జులైలో హంపీలో జీ-20 సాంస్కృతిక బృందం సమావేశం జరిగినప్పుడు, సండూరు కుశల కళా కేంద్రానికి చెందిన 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1755 కుట్టుపని ముక్కలను ప్రదర్శనకు పెట్టారు. అది గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. డొమింగో పేస్ నడిచిన హంపీలోనే, అయిదువందల ఏళ్ల తరవాత, మన తాలూకా చేతిపని మళ్లీ లోకం కంటపడింది.

వాళ్లు ఒక్కొక్కరుగా పోటీ పడలేదు. ఒక కేంద్రం, ఒక పేరు, ఒక ఊరు. వెతికే యంత్రానికి కూడా కావాల్సింది ఇదే, పది చెదిరిన పేజీల కన్నా ఒక్క గట్టి చోటు. లంబాణీ సూదికి సాధ్యమైనది మన మగ్గానికి ఎందుకు కాదు?

కొత్త షావుకారు జాగ్రత్త

ఇంతవరకు చదివి, "అయితే రేపే పెద్ద సైటులో చేరిపోదాం" అనుకునేవాళ్లకు ఒక మాట. పాత షావుకారు నూలు ఇచ్చి, కూలి ఇచ్చి, చీర తీసుకెళ్లేవాడు. కొనేవాళ్లను మనకు చూపించేవాడు కాదు. పెద్ద అమ్మకపు సైట్లలో కూడా ఆర్డరు మనకు వస్తుంది గానీ, కొన్నామె ఫోన్ నంబరు సాధారణంగా మన చేతికి రాదు. కమిషన్ పోతుంది. సరుకు వెనక్కి వస్తే ఖర్చు మన మీద పడొచ్చు. చేతి నేతలో పోగు కాస్త లావుగా వస్తే అది అందం అని తెలియనివాళ్లు "డ్యామేజ్" అని రాసి తిప్పి పంపుతారు. పై వరసలో కనపడాలంటే ప్రకటనకు డబ్బు కట్టాలి. ఆ వేలంలో మనకన్నా పెద్ద చేతులు ఉన్నాయి. 1866లో మన గుడ్డముక్కల మీద కూర్చున్న జ్ఞానం ఇప్పుడు ఆ కంపెనీల కంప్యూటర్లలో కూర్చుంటుంది.

హద్దు గీత సంగతి చెప్తానన్నాను కదా. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు, ఇలాంటి సైట్ల ద్వారా సరుకు అమ్మేవాళ్లు ఎంత చిన్నవాళ్లయినా నంబరు తీసుకోవాల్సిందే అన్నారు. 2023 అక్టోబరు 1 నుంచి, పరిమితిలోపు టర్నోవరు ఉన్న చిన్నవాళ్లకు నంబరు లేకుండానే అమ్ముకునే వీలు ఇచ్చారు. అయితే అది రాష్ట్రం లోపలి అమ్మకాలకే. బెంగళూరులో మనకు ముఖం తెలియని ఆమెకు అమ్మితే వీలుంది. రాయదుర్గంలో ఉన్న మేనత్త ఊరివాళ్లకు అదే సైటులో అమ్మాలంటే లేదు! 1953లో గీసిన గీత ఇక్కడ మళ్లీ కాలికి తగులుతుంది. సైటులో చేరేముందు లెక్కలు తెలిసినవాళ్లను కనుక్కోండి. హద్దు జిల్లాల చిన్న నేతకారుల కోసం ఈ నిబంధన సడలించమని అడగడం మన సమాఖ్య చేయాల్సిన పనుల్లో ఒకటి.

మోసాలూ ఉన్నాయి. "డబ్బు పంపిస్తున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్లు వస్తాయి. డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతుంది. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

పెద్ద సైట్లను వద్దనడం లేదు. సంతకు వెళ్తూనే ఇంటి గుమ్మమూ తెరిచి పెట్టుకోవాలి. దానికి పెద్ద ఖర్చు లేదు.

మొదటిది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. డబ్బు కట్టక్కర్లేదు. మన మగ్గం ఉన్న చోటు మ్యాపులో కనపడుతుంది, ఫోన్ నంబరు, ఫోటోలు ఉంటాయి. కొన్నవాళ్లు అక్కడే నాలుగు మంచి మాటలు రాస్తే అవే మన పెద్దమనుషుల మాటలు. హంపీ చూడ్డానికి వచ్చినవాళ్లు దగ్గర్లో చేనేత ఎక్కడ అని వెతికితే మన ఊరు కనపడాలి కదా.

రెండోది, వాట్సాప్ బిజినెస్ కేటలాగ్. చీరకు ఒక నంబరు, స్పష్టమైన ఫోటో, ధర, వివరాలు. పగటి వెలుతురులో తీసిన ఫోటో చాలు. రంగు ఫోటోలో ఒకలా, చేతికొచ్చాక ఒకలా ఉంటే ఆమె మళ్లీ రాదు.

మూడోది, గూగుల్ ట్రెండ్స్. 2006 నుంచి ఉంది, ఉచితం. ఏ మాటను జనం ఏ నెలలో ఎక్కువగా వెతుకుతున్నారో గీత గీసి చూపిస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి, దసరాకు, ఉగాదికి పట్టు కోసం ఎప్పటినుంచి వెతకడం మొదలవుతుందో చూసుకుని, దానికి ముందే పడుగు ఎక్కించాలి. పండగ వారంలో మగ్గం ఎక్కించిన చీర పండగ తరవాత దిగుతుంది, రిబేటుకు పోతుంది. ఫోర్బ్స్ వాట్సన్ సంపుటాల్లాంటి సమాచారం ఈరోజు మన పిల్లల ఫోన్‌లో ఉంది. తీసి చూడటమే ఆలస్యం.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఒక పుస్తకం. ఎవరు కొన్నారు, ఏ ఊరు, ఏ రంగు, ఏ పండక్కి, ఎంతకు, ఫోన్ నంబరు. వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే రాసుకోవాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు. రేపు ఫేస్‌బుక్ ఖాతా పోయినా, సైటు మూతపడ్డా ఆ పుస్తకం మనతో ఉంటుంది. ఇన్ని వందల ఏళ్లలో మన ఇళ్లలో ఎన్నడూ లేని పుస్తకం అదే.

సమాఖ్యకు నా విన్నపం కూడా చెప్పి ముగిస్తాను. వార్షికోత్సవానికి డిజిటల్ సంచిక తెస్తున్నాం, సంతోషం. వచ్చే వార్షికోత్సవానికల్లా మన సమాఖ్య సొంత పేరుతో ఒక వెబ్‌సైటు ఉండాలి. అందులో ఊరూరా మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ ఒక పేజీ, ఇష్టపడినవాళ్ల పేర్లతో, వాళ్ల నేత వివరాలతో, మూడు భాషల్లో. డిగ్రీ చదివిన మన అమ్మాయిలు, అబ్బాయిలు నెలకు రెండు ఆదివారాలు ఇస్తే ఇది అయ్యే పనే. తాతకు నేత తెలుసు, మనవరాలికి ఫోన్ తెలుసు. ఇద్దర్నీ ఒక చాప మీద కూర్చోబెట్టడమే సమాఖ్య చేయగలిగిన పెద్ద మేలు. అప్పుడు ఆ చీర ఎవరు కట్టుకున్నారో ఆ ఇంట్లో రాసి ఉంటుంది, నేసిందెవరో కట్టుకున్నవాళ్లకూ తెలుస్తుంది.